స్పిట్‌ఫైర్ 1500: క్లచ్ వదలగానే వెనక "ఠంగ్" మంటోంది. డిఫ్ పోయిందా, క్రాస్ పోయిందా?

డెర్బీ_డ్రాప్‌టాప్
1976 మోడల్ ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ 1500. ఫస్ట్ గేర్లో క్లచ్ వదలగానే వెనక నుంచి "ఠంగ్" మని ఒక దెబ్బ. రివర్స్‌లో పెడితే ఇంకొకటి. టాప్ దించి గోడ పక్కన నెమ్మదిగా పోతుంటే పిచ్చుక అరిచినట్టు కిచకిచ. గేర్‌బాక్స్ నుంచి వెనక్కి వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులు (కొసల్లోని యూనివర్సల్ జాయింట్లు) రెండూ ఆర్నెల్ల కింద ఒక గ్యారేజీలో మార్పించాను, ఏమీ తేడా లేదు. ఇప్పుడు అదే గ్యారేజీ వాళ్లు "డిఫరెన్షియల్ పోయింది" అంటున్నారు. ఆ డిఫ్ (ఇంజన్ శక్తిని రెండు వెనక చక్రాలకీ పంచే పెట్టె) దించే ముందు ఇంకేం చూడాలి?

నట్టుబోల్టు
కిచకిచ అంటే డిఫ్ కాదు. గ్రీజు ఎండిపోయిన క్రాస్ కప్పు, అంటే క్రాస్ చేతుల కొసలకి తొడిగే బేరింగ్. డిఫ్ పోతే ఊళ వేస్తుంది గానీ పిచ్చుకలా అరవదు. ఈ బండిలో క్రాసులు నాలుగు: ప్రొపెల్లర్ షాఫ్ట్‌కి రెండు, డిఫ్ నుంచి చక్రానికి వెళ్లే హాఫ్‌షాఫ్ట్‌కి ఒక్కోటి చొప్పున ఇంకో రెండు. మీరు మార్పించింది సగమే.

లీడ్స్_లేతు
కప్పుల సీళ్ల దగ్గర ఎర్రటి పొడి ఉందా? టార్చి వేసి చూడండి. తుప్పు పొడి కారుతుంటే ఆ కప్పులో సూదులు (సన్నటి బేరింగ్ రోలర్లు) అరిగిపోయినట్టే, ఇక వేరే పరీక్ష అక్కర్లేదు.

డెర్బీ_డ్రాప్‌టాప్
ఎడమ వైపు ఉంది! కుంకుమ రాసినట్టు. కుడి వైపు శుభ్రంగానే ఉంది. కానీ చేత్తో ఊపితే రెండు వైపులా లూజు లేదు.

పాతబండి_పంతులు
చేత్తో ఊపి తేల్చకండి, చక్రాలు వేలాడుతున్నప్పుడు అసలే వద్దు. కారణం చెప్తాను. ఈ జాయింట్‌లో సూదులు పూర్తిగా తిరగవు, రోడ్డు మీద కొన్ని డిగ్రీలే ముందుకీ వెనక్కీ ఊగుతాయి. అందుకే క్రాస్ చేతుల మీద సరిగ్గా ఆ జాగాలోనే సన్నని గాళ్లు పడతాయి. బండి జాకీ మీద ఉంటే స్వింగ్ యాక్సిల్ (డిఫ్ దగ్గరి క్రాస్ నుంచి పైకీ కిందికీ ఊగే వెనక యాక్సిల్) కిందికి వంగిపోతుంది, సూదులు గాళ్లలోంచి బయటికొచ్చి నున్నటి జాగాలో కూచుంటాయి. లూజు దాక్కుంటుంది.

చాసిస్ కింద స్టాండ్లు పెట్టండి. ఇంకో జాకీతో హబ్‌ని మామూలు ఎత్తుకి లేపండి. గేర్ న్యూట్రల్, హ్యాండ్‌బ్రేక్ వదిలేయాలి. ఒక చేత్తో డిఫ్ ఫ్లాంజి (షాఫ్ట్‌ని బోల్టులతో బిగించే బిళ్ల), ఇంకో చేత్తో షాఫ్ట్ పట్టుకుని ఎదురెదురుగా తిప్పండి. షాఫ్ట్ ముందు కదిలి ఫ్లాంజి తర్వాత కదిలితే క్రాస్. రెండూ కలిసే కదిలి, లోపల ఎక్కడో "టక్" మంటే అది డిఫ్‌లో పళ్ల మధ్య సందు. ఆ సందు కొంత ఉండాల్సిందే, దానికి భయపడొద్దు.

గుంటూరు_గ్రీజు
అదే పనిలో హబ్ నట్టు కూడా చూడండి. ఈ బండికి వెనక హబ్ టేపర్ మీద, కీతో కూచుంటుంది. నట్టు వదులైతే అచ్చం ఇదే "ఠంగ్" వస్తుంది. దాన్ని వదిలేస్తే కీ తెగి చక్రానికి డ్రైవ్ అందదు. వైర్ వీల్స్ ఉన్నాయా? ఉంటే స్ప్లైన్లు (హబ్ మీది గాడి పళ్లు) అరిగినా ఇదే శబ్దం.

డెర్బీ_డ్రాప్‌టాప్
మామూలు స్టీల్ చక్రాలే. హబ్ నట్టు గట్టిగా ఉంది. పంతులు గారు చెప్పినట్టు హబ్ లేపి తిప్పితే ఎడమ వైపు కళ్లకి కనిపించేంత లూజు! కుడి వైపు కొంచెం ఉందో లేదో అన్నట్టు. అంటే ఎడమదొక్కటి మారిస్తే చాలా? హబ్ ఊడబెరకాలా? ఆ పుల్లర్ నా దగ్గర లేదు.

నట్టుబోల్టు
రెండూ మార్చండి. రెండింటి వయసూ ఒకటే, ఎడమది వెళ్లిన దారినే కుడిదీ వెళ్తుంది. పార్ట్ నంబర్ జీయూజే 115. మీవాటికి రెండు కావాలి. హబ్ తియ్యక్కర్లేదు, క్రాస్ లోపలి కొసకి ఉంది కదా. షాఫ్ట్, హబ్, డ్రమ్, ట్రనియన్ (షాఫ్ట్ బయటి కొసని పట్టే బేరింగ్ గూడు) అన్నీ ఒకే ముద్దగా బయటికి లాగండి.

బర్మింగ్‌హామ్_బావ
హబ్ ముట్టుకోకపోవడం అదృష్టం అనుకోండి. మామూలు మూడు కాళ్ల పుల్లర్ పెడితే వంగేది పుల్లరే.

పాతబండి_పంతులు
తీసే వరస రాస్తున్నా, ఇది తప్పితే పని రెట్టింపవుతుంది.

ముందు డిఫ్ ఫ్లాంజి దగ్గరి నాలుగు నైలాక్ నట్లు వదులు చెయ్యండి. హ్యాండ్‌బ్రేక్ ఇంకా తగిలించి ఉండగానే. లాగితే షాఫ్ట్ తిరగదు, నట్టు వదులవుతుంది. బ్రేక్ వదిలి షాఫ్ట్ తిప్పి తర్వాతి నట్టుకి వెళ్లండి. కేబుల్ ముందే ఊడదీస్తే షాఫ్ట్‌ని ఆపే దారి ఉండదు. ఇవన్నీ ఏఎఫ్ సైజులు, అంటే అంగుళాల కొలతలు. 9/16 నట్టుకి 14 ఎం.ఎం. స్పానర్ ఎక్కదు, 15 పెడితే మూలలు గుండ్రమైపోతాయి.

తర్వాత హ్యాండ్‌బ్రేక్ కేబుల్ పిన్నూ స్ప్రింగూ తియ్యండి. బ్రేక్ గొట్టాన్ని బ్రాకెట్ దగ్గర విప్పి మూత పెట్టండి. రేడియస్ ఆర్మ్ బోల్టు తియ్యండి. వర్టికల్ లింక్ (స్ప్రింగ్ కొసనీ ట్రనియన్‌నీ కలిపే నిలువు ముక్క) కింద జాకీ పెట్టి బరువు ఆపాకే డాంపర్ (షాక్ అబ్జార్బర్) కింది నట్టు విప్పండి. ఈ బండిలో చక్రం మరీ కిందికి జారకుండా ఆపేది డాంపరే, జాకీ లేకుండా తీస్తే స్ప్రింగ్ తోసేస్తుంది.

చివరికి వర్టికల్ లింక్ అడుగున, ట్రనియన్‌ని పట్టి ఉండే పొడుగు బోల్టు. దీన్ని తీసి జాకీ మెల్లగా దించితే లింక్ స్ప్రింగ్‌కే వేలాడుతుంది, షాఫ్ట్ ముద్ద చేతికొస్తుంది. పై నుంచి స్ప్రింగ్ కన్ను బోల్టు తియ్యాల్సిన పని లేదు.

లీడ్స్_లేతు
పంతులు గారు ఆ పొడుగు బోల్టు గురించి ఒక్క వాక్యంలో తేల్చేశారు, అసలు రామాయణమంతా అక్కడే! అది లోపలి స్టీల్ గొట్టంతో కలిసి తుప్పు పట్టి ఒకటైపోతుంది. నట్టు తీశాక బోల్టు తిరుగుతుంది గానీ బయటికి రాదు. సుత్తితో కొట్టీ కొట్టీ మరలు పుట్టగొడుగులా అయ్యాక ఇక అటూ రాదు, ఇటూ రాదు. రెండు రోజుల ముందు నుంచీ పెనిట్రేటింగ్ ఆయిల్ కొట్టండి. అప్పటికీ రాకపోతే లింక్‌కీ ట్రనియన్‌కీ మధ్య సందులో రంపం బ్లేడు పెట్టి రెండు వైపులా కొయ్యడమే. అందుకే కొత్త బోల్టులు, నైలాన్ బుష్షులు, గొట్టాలు క్రాసులతో పాటే తెప్పించుకోండి. ఆదివారం సాయంత్రం కోసేశాక కొట్టు తెరిచి ఉండదు.

డెర్బీ_డ్రాప్‌టాప్
సీల్డ్ క్రాస్ కొనాలా, గ్రీజు నిప్పుల్ ఉన్నదా?

గుంటూరు_గ్రీజు
నిప్పుల్ ఉన్నదే. గ్రీజు కొడితే పాతది సీళ్లలోంచి బయటికి తన్నుకొస్తుంది, నీళ్లూ మట్టీ దాంతోనే పోతాయి.

నట్టుబోల్టు
సీల్డ్. నిప్పుల్ ఉన్న క్రాస్‌కి గుండెలోనే కన్నం. బలం తగ్గేదీ అక్కడే, విరిగేదీ అక్కడే. పైగా గ్రీజు కొడతాం అంటారు గానీ ఎవరు కొడతారు? వానల్లో తిరిగే బండి కాకపోతే సీల్డే మేలు.

గుంటూరు_గ్రీజు
విరిగేది నిప్పుల్‌ని తప్పు మూలలో పెట్టినవాళ్లకే. ముందుకి లాగేటప్పుడు తోసే చేతికీ తోయించుకునే చేతికీ మధ్య మూల నొక్కుకుంటుంది, దాని పక్క మూల సాగుతుంది. నిప్పుల్ నొక్కుకునే మూలలో ఉండాలి. ఎడమ షాఫ్ట్‌కీ కుడి షాఫ్ట్‌కీ ఇది అద్దంలో బొమ్మలా తారుమారు. ఇంకోటి, నిప్పుల్ ముఖం షాఫ్ట్ వైపు ఉండాలి. ఫ్లాంజి వైపు పెడితే గన్ దూరదు, అప్పుడు మీరన్నట్టు ఎవరూ కొట్టరు.

బర్మింగ్‌హామ్_బావ
ఏది కొన్నా మరీ చవకది కొనొద్దు. కప్పులు పెట్టెలోంచి తియ్యగానే ఒక్కోటీ వేలితో తిప్పి చూడండి. పాత గ్రీజు సబ్బులా గట్టిపడి ఉంటే కడిగి, లిథియం ఈపీ 2 గ్రీజు పట్టించండి.

హెరాల్డ్_హైదరాబాద్
నాది మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్. వెనక ఇదే స్వింగ్ యాక్సిల్, ఇదే ఏర్పాటు. ఇక్కడ మెకానిక్కులు దీన్ని "క్రాస్" అనే అంటారు, యూజే అంటే కొందరికే తెలుస్తుంది. ఆటోనగర్ కొట్లో పార్ట్ నంబర్ చెప్తే లాభం లేదు. ఏది సరిపోతుందో ఎలా తేల్చుకోవాలి?

లీడ్స్_లేతు
నంబర్ వదిలెయ్యండి, వెర్నియర్ పట్టుకెళ్లండి. కప్పు బయటి వ్యాసం ఒకటి, ఎదురెదురు కప్పుల బయటి ముఖాల మధ్య పొడుగు ఒకటి. ఈ రెండూ కుదరాలి. మూడోది సర్క్లిప్ (కప్పు జారకుండా పట్టే స్ప్రింగ్ క్లిప్పు) ఎక్కడ కూచుంటుందనేది. కొన్ని క్రాసులకి అది యోక్ (క్రాస్‌ని రెండు చెవులతో పట్టే ముక్క) చెవి బయటి కొసన గాడిలో, కొన్నిటికి కప్పు మీదే లోపలి వైపు. వ్యాసం అంతే కదా అని తెచ్చుకుంటే చివర్లో సర్క్లిప్ పట్టదు. లేతు మీద పొడుగు తగ్గిద్దామని మాత్రం చూడకండి, కప్పు గట్టిదనమంతా పైపొరలోనే ఉంటుంది.

హెరాల్డ్_హైదరాబాద్
అర్థమైంది. స్టాండర్డ్ గెజెల్ వాళ్లు అదృష్టవంతులు, 1972లో వచ్చిన ఆ మోడల్‌కి ఈ స్వింగ్ యాక్సిల్ తీసేసి లైవ్ యాక్సిల్ పెట్టేశారు. హాఫ్‌షాఫ్ట్ క్రాసుల గోలే లేదు.

బర్మింగ్‌హామ్_బావ
మూలమలుపులో స్వింగ్ యాక్సిల్ ఇచ్చే థ్రిల్ కూడా లేదు 😀

డెర్బీ_డ్రాప్‌టాప్
శనివారం రిపోర్టు. షాఫ్ట్ బయటికొచ్చింది. పొడుగు బోల్టు కోసే తీశాను, లేతు గారి మాట విన్నందుకు కొత్తది చేతిలో ఉంది. ఇప్పుడు బెంచ్ వైస్ ముందు నిలబడ్డా. సర్క్లిప్పులు కదలడం లేదు, ప్లయర్ కొసలు వంగుతున్నాయి.

నట్టుబోల్టు
ముందు గాడిలో తుప్పుని సూదిలాంటి దానితో గీకి తియ్యండి. తర్వాత ఇత్తడి డ్రిఫ్ట్ పెట్టి కప్పుని లోపలికి ఒక్క దెబ్బ వెయ్యండి. కప్పు సర్క్లిప్‌ని లోపలి నుంచి నొక్కి పెట్టి ఉంటుంది. అది కాస్త వెనక్కి జరిగితే క్లిప్ దానంతటదే వదులవుతుంది.

పాతబండి_పంతులు
క్లిప్పులు నాలుగూ వచ్చాక రెండు సాకెట్లు తీసుకోండి. ఒకటి కప్పు కంటే చిన్నది, తోయడానికి. ఇంకోటి కప్పు పట్టేంత పెద్దది, ఎదుటి కప్పు దూరడానికి. వైస్‌లో రెండు పక్కలా పెట్టి బిగిస్తే చిన్న సాకెట్ తోస్తుంది, ఎదురు కప్పు పెద్ద సాకెట్‌లోకి సగం వస్తుంది. దాన్ని వైస్‌లో పట్టి యోక్‌ని తిప్పుతూ లాగండి. వెనక్కి తిప్పి రెండోది.

యోక్ చెవులని వైస్‌లో అడ్డంగా బిగించకండి. ఒక్కసారి చెవి వంగితే రెండు కన్నాలూ ఒకే వరసలో ఉండవు, కొత్త క్రాస్ నెలలో పోతుంది.

లీడ్స్_లేతు
వైస్ చాలకపోతే మొండి వైద్యం ఒకటుంది. కళ్లద్దాలు పెట్టుకుని 1 ఎం.ఎం. డిస్కుతో పాత క్రాస్‌ని నడిమికి అడ్డంగా కోసెయ్యండి. ముక్కలు బయటికొస్తే కప్పులు లోపలి నుంచి డ్రిఫ్ట్‌తో ఒక్కోటిగా వచ్చేస్తాయి. డిస్కు చెవికి తగలకూడదు. వేడి చెయ్యాలంటే హీట్ గన్ చాలు, గ్యాస్ మంట వద్దు.

డెర్బీ_డ్రాప్‌టాప్
కోశాను. వచ్చాయి. ఇంకో సమస్య: ఫ్లాంజి వైపు ఒక కప్పు చేత్తోనే దూరిపోతోంది. మిగతా మూడూ బిగువుగానే ఉన్నాయి. లోక్‌టైట్ పెట్టి ఎక్కించనా?

గుంటూరు_గ్రీజు
లోక్‌టైట్ 638 బేరింగులు నిలపడానికే పుట్టింది, పావు మిల్లీమీటరు సందు దాకా నింపుతుంది. రెండు ముఖాలూ జిడ్డు లేకుండా తుడిచి పెట్టండి. నడుస్తుంది.

నట్టుబోల్టు
నడుస్తుంది, ఎన్నాళ్లు? కన్నం గుండ్రంగా అరగలేదు, దెబ్బ తిని కోలగా అరిగింది. క్లచ్ వదిలిన ప్రతిసారీ ఒక పక్కా, ఇంజన్ బ్రేకింగులో ఇంకో పక్కా బాదుడు. కోల కన్నంలో జిగురు ఒక పక్క మందంగా, ఒక పక్క పల్చగా ఉంటుంది, కప్పు నడిమిలో కూచోదు. సెంటర్ పంచితో చుక్కలు కొట్టి బిగువు చేసే విద్య కూడా వద్దు. ఆ చుక్కలు వారంలో చదునైపోతాయి.

పాతబండి_పంతులు
ఇక్కడ నేను నట్టుబోల్టు పక్షం. పైగా మీ అదృష్టం, పోయింది ఫ్లాంజి వైపు యోక్. అది విడి ముక్క, పాత సామాన్ల వాళ్ల దగ్గర దొరుకుతుంది. షాఫ్ట్ వైపు చెవులు షాఫ్ట్‌తో కలిసే ఉంటాయి. అవి పోతే షాఫ్టే మార్చాలి, అప్పుడు హబ్ పుల్లర్ వెతుక్కోవాలి. ఒకవేళ ఎప్పుడైనా సెకండ్ హ్యాండ్ షాఫ్ట్ కొంటే పొడుగు కొలవండి. 1973 నుంచి వెనక చక్రాల మధ్య దూరం పెంచారు, షాఫ్టులు పొడుగయ్యాయి. క్రాస్ రెండిటికీ ఒకటే కాబట్టి చూపుకి మోసపోతారు.

టీఆర్6_తిరుపతి
మీ స్పిట్‌ఫైర్ వాళ్లు ఒక్కో షాఫ్ట్‌కి ఒక్క క్రాస్‌కే ఇంత చర్చా? ట్రయంఫ్ టీఆర్6కి ఒక్కో హాఫ్‌షాఫ్ట్‌కి రెండు, పైగా నడుమ జారే స్ప్లైన్లు. స్ప్లైన్లకి గ్రీజు ఎండితే మలుపులో యాక్సిలరేటర్ తొక్కి ఉన్నంతసేపూ పట్టేసి ఉంటాయి. కాలు తియ్యగానే ఒక్కసారిగా వదిలి బండి తోక ఊపుతుంది. క్రాసులు మార్చినప్పుడు స్ప్లైన్లు విప్పి కడిగి పట్టించడం మరవకండి. విప్పే ముందు గుర్తు గీయాలి, రెండు కొసల యోకులూ ఒకే వరసలో ఉండాలి.

జీటీ6_జయ
మరి రోటోఫ్లెక్స్ (హాఫ్‌షాఫ్ట్‌లో రబ్బరు కప్లింగ్) ఉన్న ట్రయంఫ్ జీటీ6 మార్క్ 2కి? రబ్బరు కప్లింగ్ పగుళ్లిచ్చింది.

పాతబండి_పంతులు
కొత్త కప్లింగ్ చుట్టూ స్టీల్ పట్టీ బిగించి వస్తుంది. దాన్ని విప్పకండి. పట్టీ రబ్బర్‌ని లోపలికి నొక్కి ఉంచడం వల్లే ఆరు బోల్టులూ కన్నాలకి సరిపోతాయి. బోల్టులన్నీ బిగించాకే పట్టీ కొయ్యాలి. ముందే కోసేస్తే రబ్బరు విచ్చుకుంటుంది, మళ్లీ పెద్ద హోస్ క్లిప్పుతో దారికి తేవాలి. లోపలి కొసన మీకూ మామూలు క్రాసే ఉంది, అదే పనిలో చూసెయ్యండి. మిగతాది వేరే చర్చ పెట్టండి, ఇక్కడ డెర్బీ గారు వైస్ దగ్గర నిలబడి ఉన్నారు.

డెర్బీ_డ్రాప్‌టాప్
యోక్ దొరికింది. కానీ కొత్త క్రాస్‌లో మూడు సర్క్లిప్పులు ఎక్కాయి, నాలుగోది గాడిలోకి రావట్లేదు. కప్పు ఇంకా 2 ఎం.ఎం. లోపలికి వెళ్లాలి. వైస్ గట్టిగా బిగించనా?

లీడ్స్_లేతు
ఆపండి!!

నట్టుబోల్టు
బిగించొద్దు. ఒక సూది పడిపోయి కప్పు అడుగున అడ్డంగా పడుకుంది. ఇంకా బిగిస్తే సూది విరుగుతుంది, లేదా కప్పు అడుగు పగులుతుంది. కప్పు బయటికి తీసి సూదులు లెక్కపెట్టండి, మిగతా మూడింటిలో ఎన్ని ఉంటే ఇందులోనూ అన్ని. చిక్కటి గ్రీజుతో గోడకి అంటించండి. ఎక్కించేటప్పుడు క్రాస్ చేతిని ఎదుటి కప్పులోంచి కొంచెం బయటికి జరిపి ఈ కప్పులోకి దూర్చి ఉంచండి. చెయ్యి లోపల ఉంటే సూదికి పడే జాగా ఉండదు.

డెర్బీ_డ్రాప్‌టాప్
నిజంగానే ఒకటి అడ్డం పడుంది. ఎక్కింది. కానీ జాయింట్ ఒక దిక్కుకి బిగువుగా ఉంది, దాని బరువుకి అది వాలడం లేదు.

గుంటూరు_గ్రీజు
రాగి సుత్తితో యోక్ చెవుల మీద, బయటికి, ఒక్కో దెబ్బ. కప్పులు వెనక్కి జరిగి సర్క్లిప్పుల మీద కూచుంటాయి. అప్పటికీ బిగువైతే ఏదో ఒక క్లిప్ గాడిలో పూర్తిగా పడలేదు. ప్రతి క్లిప్‌నీ చుట్టూ తిప్పి చూడండి, పడితే తిరుగుతుంది.

పాతబండి_పంతులు
షాఫ్ట్ చేతిలో ఉండగానే ట్రనియన్ లోపలి సూదుల బేరింగ్ కూడా చూడండి. దానికి లోపలి రేస్ లేదు, షాఫ్టే రేస్. తిప్పితే గరగర ఉంటే ఇప్పుడే తేల్చుకోవాలి. బాగుంటే మర తీసి నిప్పుల్ పెట్టి కొంచెమే గ్రీజు. ఎక్కువైతే సీలు దాటి బ్రేక్ షూల మీదికి పోతుంది.

బర్మింగ్‌హామ్_బావ
ముందు చక్రాల ట్రనియన్లకి మాత్రం గ్రీజు కాదు, ఈపీ 90 ఆయిల్. ఈ మాట ఎవరో ఒకరు చెప్పకుండా ట్రయంఫ్ చర్చ ముగియదు కాబట్టి చెప్పేశా.

డెర్బీ_డ్రాప్‌టాప్
రెండు వైపులా ఎక్కించాను, బ్రేకులు బ్లీడ్ చేశాను. కిందికి దించితే వెనక రెండు చక్రాలూ మోకాళ్లు ముడుచుకున్నట్టు లోపలికి వంగి, బండి వెనక భాగం పైకి లేచి నిలబడింది! ఏదైనా తప్పు బిగించానా?

నట్టుబోల్టు
కంగారు పడకండి. స్వింగ్ యాక్సిల్ జాకీ దిగగానే అలాగే ఉంటుంది. టైర్లు నేలని పట్టుకుని పక్కకి జరగలేవు. పది గజాలు ముందుకీ వెనక్కీ నడపండి, కూచుంటుంది. రేడియస్ ఆర్మ్, డాంపర్ బోల్టులు అలా కూచున్నాకే ఆఖరు బిగింపు. చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు బుష్షులు మెలిపడి చిరుగుతాయి.

డెర్బీ_డ్రాప్‌టాప్
కూచుంది. "ఠంగ్" పోయింది, పిచ్చుకా ఎగిరిపోయింది. డిఫ్ ముట్టుకోలేదు. అయితే గంటకి 60 మైళ్లు దాటితే సీటు కింద సన్నటి వణుకు. ఇది ఆర్నెల్లుగా ఉందనుకుంటా, ఇంతకాలం ఆ శబ్దంలో తెలియలేదు.

లీడ్స్_లేతు
ఆర్నెల్లు అంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పినప్పటి నుంచి. వాళ్లు గుర్తు గీయకుండా విప్పి ఎలా పడితే అలా ఎక్కించి ఉంటారు. డిఫ్ వైపు నాలుగు బోల్టులు తీసి, షాఫ్ట్‌ని సగం చుట్టు, అంటే 180 డిగ్రీలు తిప్పి, మళ్లీ బిగించండి. ముందు రెండు ఫ్లాంజిల మీదా పెయింట్ చుక్క పెట్టుకోండి, పనిచెయ్యకపోతే వెనక్కి రావాలి కదా.

పాతబండి_పంతులు
షాఫ్ట్ నడుమ జారే స్ప్లైన్ ఉన్న రకమైతే కొసల్లో యోకులు ఒకే వరసలో ఉన్నాయో లేదో కూడా చూడండి. క్రాస్ వంపులో తిరిగితే ఒక చుట్టులో రెండుసార్లు వేగం హెచ్చి తగ్గుతుంది. రెండో కొస క్రాస్ దాన్ని సరిచెయ్యాలి. వరస తప్పితే సరిచెయ్యడం పోయి రెట్టింపు చేస్తుంది. వరస తప్పిన షాఫ్ట్‌ని 180 తిప్పినా ఏం లాభం లేదు.

డెర్బీ_డ్రాప్‌టాప్
యోకులు వరసలోనే ఉన్నాయి. సగం చుట్టు తిప్పాను, 70 దాకా వణుకు లేదు. తీసిన నాలుగు నైలాక్ నట్లే మళ్లీ బిగించాను, పర్లేదా?

నట్టుబోల్టు
చేతివేళ్లతో చివరిదాకా తిరిగిపోతే దానిలో నైలాన్ పట్టు పోయినట్టే. మీ సీటు పక్కనే తిరిగే షాఫ్ట్ అది. నాలుగు కొత్త నట్లు టీ ఖరీదు కూడా కాదు, రేపే మార్చండి.

బర్మింగ్‌హామ్_బావ
డెర్బీలో టీ ఖరీదుకి ఎనిమిది వస్తాయి. హాఫ్‌షాఫ్ట్‌వి కూడా మార్చెయ్యమనండి.